కత్తివీరుడికి నోరెందుకు?

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు మన పెద్దలు. పాపం, వాళ్లు టోక్యో చూడలేదు. ఇక్కడ నోరు మూసుకుంటేనే ఊరు మంచిది!

నమ్మరా? అయితే గెంబెయిని చూడండి. ఆదివారం సాయంత్రం అన్నాలవేళ టీవీ పెడితే ‘కొంగల ముఠా’ అని కార్టూన్ సీరియల్ వస్తుంది. ఈ దేశపు భాషలో కొంగకూ మోసానికీ పలికే మాట ఒకటే. దొంగలకు ఇంతకంటే మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది! కొంగజపం మన సొంత ఆస్తి అనుకుని ఇన్నాళ్లూ మురిశాం.

ముఠా నాయకుడు సకుజి వాగుడుకాయ. తాళాలు తీసేవాడొకడు, కారు నడిపే ఆవిడొకతె. వీళ్ల వెనకాల, కిమోనో చేతుల్లో చేతులు దూర్చుకుని ఒక సమురాయి. వాడే గెంబెయి.

ఏం చేస్తాడు? నిలబడతాడు. బ్యాంకు గోడ అడ్డొస్తే నరుకుతాడు. పోలీసు హెలికాప్టర్ అడ్డొస్తే నరుకుతాడు. ఒకసారి వానను కూడా నరికాడు, నడినెత్తిన పాపిడి తీసినట్టు. నరికాక ఏమంటాడు? ఏమీ అనడు! కత్తి ఒరలోకి పోతుంది గానీ నోట్లోంచి ‘ఒరేయ్’ బయటికి రాదు. కళ్లు మూసుకుని ముక్కుతో ఒక్క ఊపిరి వదులుతాడు. దానికే దేశం దేశమంతా ఫిదా అయిపోతుంది.

ఈ మౌనం వల్ల జనానికి జరిగిన మేలు అంతా ఇంతానా!

బొమ్మలు గీసేవాళ్లని అడగండి. మాట్లాడే పాత్రకు నోరు మూసినట్టూ, సగం తెరిచినట్టూ, పూర్తిగా తెరిచినట్టూ విడివిడిగా గీసి చావాలి. గెంబెయికి ఆ బెడద లేదు. ఒకే ఒక్క బొమ్మ గీసి, జుట్టును మాత్రం గాలికి ఊపితే సీను గడిచిపోతుంది. ఈలోగా గీసేవాడు బల్ల కిందకి దూరి ఒక కునుకు తీసుకుంటాడు. ఏ కార్మిక చట్టమూ ఇవ్వలేని నిద్రను ఒక దొంగ సమురాయి ఇచ్చాడు!

సంసారాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పూర్వం భార్య ఏదైనా అడిగితే బెల్లంకొట్టిన రాయిలా కూర్చునే మొగుణ్ణి మొద్దు అనేవారు. ఇప్పుడు అదే మొద్దు చేతులు చొక్కాలోకి దూర్చుకుని కళ్లు మూసుకుంటే, “మా ఆయన అచ్చం గెంబెయేనండీ” అని పక్కింటావిడతో చెప్పుకుంటున్నారు. ఆఫీసుల్లో ఇంకా హాయి. ఈ తప్పు ఎవరు చేశారని పెద్దాయన గద్దిస్తాడు. గదంతా గెంబెయిలే! తప్పు దానంతటదే ఆవిరైపోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో చెత్తబండి వచ్చే రోజు తప్పి చెత్తసంచి పెట్టిందెవరని సంఘం మీటింగు పెట్టారు. అందరం నిండుగా ఊపిరి వదిలి లేచొచ్చాం. ఆ విషయంలో అభిప్రాయం చెప్పినవి కాకులు మాత్రమే.

పెదవి విప్పనివాడికే పదవి! ఇది నా సిద్ధాంతం. కాదనేవాళ్లు ఉంటే దయచేసి మౌనంగా ఉండండి.

ఇంతటి మహామౌనానికి గొంతు ఇచ్చే నటుడు ఇసొగాయి తెత్సుజి. ఇచ్చాడంటే ఇచ్చేశాడు, తన వాడకానికి ఏమీ మిగుల్చుకోలేదు. మొదట్లో గెంబెయికి నాలుగు మాటలుండేవి. ఏటేటా కమిటీవాళ్లు, అంటే ఈ సీరియల్‌కి తలా ఇంత పెట్టుబడి పెట్టిన టీవీవాళ్లూ, బొమ్మలవాళ్లూ, కప్పు నూడుల్స్‌వాళ్లూ, ఒక్కో మాటే పీకేస్తూ వచ్చారు. ఇప్పుడు స్క్రిప్టులో ఇసొగాయి వాటాకి ‘ఊపిరి’ అని మాత్రమే ఉంటుంది. ఆయన దాన్నే నిష్ఠగా చేస్తాడు. కోపపు ఊపిరి, జాలి ఊపిరి, సూపు వేడిగా ఉన్న ఊపిరి... వింటే తేడా తెలుస్తుంది. అయితే ఊపిరిలో ‘పిరి’ ఉంది చూశారూ, దాని పక్కన ‘కి’ చేరడానికి ఎంతోసేపు పట్టదు.

వాగుడుకాయ సకుజికి గొంతిచ్చేవాడు నగుమొ హెయ్‌సుకె. పేరుకు తగ్గట్టు ఎప్పుడూ నగుమోమే. ఇద్దరూ కుర్రతనంలో ఒకే నాటక బృందంలో ఒకే కంబళి కప్పుకుని పడుకున్నవాళ్లు. చలికాలంలో నగుమొ గొంతుకి ఆపరేషన్ జరిగింది. డాక్టరు ఇక ఫరవాలేదన్నాడు. మాట తిరిగొచ్చింది, కాకపోతే బియ్యంలో బెడ్డల్లా అక్కడక్కడా గరగర. ఈలోగా కమిటీ కన్ను ఒక రంగుజుట్టు కుర్రనటుడి మీద పడింది. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. అనకపోవడమే కదా ఇక్కడి మర్యాద!

స్టేషన్ వెనక, పుల్లలకు గుచ్చి కోడిమాంసం కాల్చే కొట్లో ఇద్దరూ కూర్చున్నారు.

“ఒరేయ్ తెత్సూ, సోమవారం కమిటీ మీటింగుకి నిన్ను పిలిచారటగా?” అన్నాడు నగుమొ.

“ఊఁ.”

“నన్ను పిలవలేదు. నా పెళ్లే అన్నమాట, నాకే శుభలేఖ లేదు!”

“ఊఁ.”

“నాకోసం కత్తి దుయ్యక్కర్లేదురా. నగుమొ గొంతు బానే ఉంది, వాణ్ణే ఉంచండి అని ఒక్క ముక్క అను. నువ్వంటే వింటారు. అంటావా?”

ఇసొగాయి మాంసం పుల్లను పులుసులో ముంచాడు. మళ్లీ ముంచాడు. “ఊఁ.”

కొట్టు నడిపే ముసలావిడ విసనకర్ర ఆపింది. “ఈయన ఊఁల్లో ఏది అవునో ఏది కాదో మీకెట్లా తెలుస్తుందయ్యా?”

“ఇది అవునేనమ్మా. నాకు తెలియదూ!” అంటూ నగుమొ నవ్వాడు. నవ్వు మధ్యలో గొంతు పట్టేసింది. నీళ్లు తాగి మళ్లీ నవ్వాడు.

ఇంటికి వెళ్తే భార్య ఫుసయె గుమ్మంలోనే పట్టుకుంది. “మాటిచ్చారా నగుమొగారికి?”

“ఊఁ... ఇచ్చాను.”

“మాటిచ్చారా, ఊఁ ఇచ్చారా? మా నాన్న పిల్లనిస్తానన్నప్పుడూ ఇట్లాగే ఊఁ అన్నారు. ఆయన మీకు దగ్గనుకుని వేన్నీళ్లు తెప్పించాడు. ఇది ఆ ఊఁ కాదండీ. అవతల మనిషి కూడు. వెళ్లి స్నానం చేస్తూ నాలుగుసార్లు గట్టిగా అనుకోండి, నోరు తిరుగుతుంది.”

ఇసొగాయి వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి అన్నాడు. “నగుమొనే ఉంచండి.” గొంతు తనకే కొత్తగా వినిపించింది.

బయటినుంచి ఫుసయె కంగారుగా తలుపు కొట్టింది. “ఎవరండీ లోపల?”

సోమవారం వచ్చింది. ప్రధాన నిర్మాత హన్యూద లేచి మౌనం గొప్పతనం మీద గుక్కతిప్పుకోకుండా ఉపన్యసించాడు. నీళ్లు తాగడానికి ఆగితే మౌనమైపోతుందని భయమేమో, దానికీ ఆగలేదు! మౌనమే మన బ్రాండ్ అన్నాడు. కొత్త నూడుల్స్ కప్పు మూత తియ్యగానే గెంబెయి ఊపిరి వినపడే ఏర్పాటు చేస్తున్నామన్నాడు. ఆ తర్వాత గొంతులో తేనె పోసుకుని, పేరుకి మన ‘గారు’ లాంటి ‘సాన్’ తగిలించాడు.

“నగుమొసాన్ ఆరోగ్యం మనకి ప్రాణంతో సమానం. అందుకని ఆయన్ని విశ్రాంతి అనే ఉన్నతస్థానంలో కూర్చోబెడదాం. సకుజి గొంతు కొత్త కుర్రాడు హిబికి చెప్తాడు. ఎవరికైనా అభ్యంతరమైతే మొహమాటపడకండి, చెప్పండి.”

అందరూ బల్ల మీద చెక్కగీతలు చదువుతున్నారు. ఇసొగాయి గుండె నోట్లోకొచ్చింది. మాటకు రావలసిన చోటది!

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈ దేశంలో మొహం మీద ‘కాదు’ అనరు. పళ్లసందుల్లోంచి గాలి లోపలికి పీల్చి, తల కాస్త పక్కకి వాలుస్తారు. ఇంటాయన అట్లా పీల్చాడా, గది లేదని అర్థం. చేపలావిడ పీల్చిందా, చేప నిన్నటిది. డాక్టరు పీల్చాడా, బంధువులకు కబురు పెట్టుకోవాలి. పాలుతాగే పిల్లకి కూడా తెలిసిన భాష ఇది.

నగుమొ మొహం తలుచుకుని, ఒళ్లంతా కూడగట్టుకుని, ఇసొగాయి పీల్చాడు. “స్‌స్‌సీ...” తల భుజానికి తగిలేదాకా వాల్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఇంత గట్టిగా ఎవరినీ కాదనలేదు.

హన్యూద కుర్చీలోంచి ఎగిరి లేచాడు. “విన్నారా! అదండీ ఊపిరంటే! సాక్షాత్తూ గెంబెయి దిగొచ్చాడు!”

చప్పట్లు! నూడుల్స్ కంపెనీ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇసొగాయిసాన్ ఇంత నిండు మనసుతో ఆశీర్వదించాక ఇంకేం కావాలండీ!” అన్నారెవరో. మౌనం అర్ధాంగీకారమంటారు మనవాళ్లు. కమిటీవాళ్లు ఆ అర్ధాన్ని కూడా ఉంచుకోరు, పూర్ణాంగీకారమే!

హన్యూదకి నిజంగా తెలియలేదంటారా? ఆయనా ఈ గడ్డమీదే పుట్టాడు. ఇల్లు అద్దెకి వెతుక్కున్నాడు, చేపలు కొన్నాడు. తెలియనివాడు పొరపాటున అడిగేస్తాడండీ, “అంటే వద్దంటున్నారా?” అని. తెలిసినవాడే చప్పట్లు కొడతాడు!

ఇంకో మూడు రోజులకి రికార్డింగు. ఇక్కడ ముందు బొమ్మలు గీసి, వాటికి తర్వాత గొంతులు అతికిస్తారు. మైకులు తక్కువ, నటులు ఎక్కువ. అందుకని అడుగు చప్పుడు కాకుండా, చొక్కా గరగరమనకుండా వచ్చి చెప్పి తప్పుకోవాలి. నగుమొ ఎప్పుడూ కూర్చునే కుర్చీ దగ్గర రంగుజుట్టు హిబికి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఇసొగాయిసాన్, ఇది నగుమొ గురువుగారి కుర్చీ అటగా. నేను నిలబడే చెప్తానండీ,” అన్నాడు బెదురుగా.

వాణ్ణి తిట్టడానికి కూడా లేకుండా పోయింది. కత్తి ఎవరి చేతిలో ఉందో వాడు ఆ గదిలో లేడు మరి!

ఎర్ర లైటు వెలిగింది. తెర మీద సకుజి వాగుతున్నాడు, హిబికి చక్కగానే చెప్పాడు. గెంబెయి వంతొచ్చింది. ఇసొగాయి మైకు ముందుకు నడిచాడు. నోరు తెరిచాడు.

“నగుమొనే ఉంచండి. వాడు లేని ముఠాలో నేనుండను.”

అద్దం అవతల కూర్చున్న శబ్ద దర్శకురాలు త్సుకుద మాట్లాడే బటన్ నొక్కింది.

“ఇసొగాయిసాన్... ఎంత బాగా అన్నారండీ! నా ఒళ్లు జలదరించింది. కానీ నన్నేం చెయ్యమంటారు? తెర మీద గెంబెయి నోరు మూసుంది. బొమ్మ అయిపోయింది. మాట అతకదండీ. ఒక్క ఊపిరి ఇచ్చెయ్యండి, ముందుకు వెళ్లిపోదాం.”

ఇసొగాయి తెర వంక చూశాడు. నిజమే. నోరు మూసే ఉంది. జుట్టు మాత్రం హాయిగా గాలికి ఊగుతోంది. స్క్రిప్టు కుర్చీ మీద పెట్టి, అందరికీ నడుం వంచి దణ్ణం పెట్టి, బరువైన తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. ఈసారి అడుగుల చప్పుడు బాగానే వినపడింది. త్సుకుద ఆపమనలేదు.

ఆహా, ఎంత పోరాటం! ఇక సీరియల్ ఆగిపోయి ఉంటుంది అనుకుంటున్నారా? పిచ్చివాళ్లలా ఉన్నారే!

గెంబెయి ఎందుకు ఆగుతాడండీ? ఏళ్ల తరబడి వదిలిన ఊపిరులన్నీ కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి. వాగే సకుజికి మనిషి కావాలి, మౌనంగా ఉండేవాడికి మనిషెందుకు? నిర్మాతలు మౌనాన్ని ఎందుకింత ప్రేమిస్తారో ఇప్పుడు అర్థమైందా? మాట్లాడేవాణ్ణి బతిమాలి ఉంచుకోవాలి. ఊరుకునేవాణ్ణి ఒకసారి రికార్డు చేసి పెట్టుకుంటే చాలు! మీటింగు మాటలు కూడా రికార్డు చేసుకుంటారు కదా, అందులో ఆ ‘స్‌స్‌సీ’ కూడా దొరికింది. తెచ్చి, బొమ్మ తలను కాస్త భుజానికి వాల్చి, గెంబెయి మూసిన నోటికి అతికించారు. అచ్చంగా అతికింది.

హన్యూద ఇప్పుడు ఊరూరా తిరిగి మౌనం మీద ఉపన్యాసాలిస్తున్నాడు. నోరు మూసుకోవడం ఎంత గొప్పదో మనకు చెప్పేవాళ్ల నోరు మూతపడగా మీరెప్పుడైనా చూశారా? చూస్తే నాకు చెప్పండి, నా సిద్ధాంతం వెనక్కి తీసుకుంటాను.

ఆదివారం సాయంత్రం కోడిపుల్లల కొట్టు కిటకిటలాడుతోంది. మూల అరలో టీవీ, దాని కింద ఇద్దరు మిత్రులు. ఇద్దరికీ పని లేదు.

“అంతమంది ముందర నిజంగానే అన్నావట్రా?” అన్నాడు నగుమొ గరగరమంటూ.

“అన్నాను. ముందే అనాల్సింది. మీటింగులోనే అనాల్సింది. నువ్వు పుల్లలు తింటూ అడిగినప్పుడే, రేపే వెళ్లి అంటానురా అనాల్సింది. వాళ్లు నాకు మాటలు తగ్గించిన మొదటి ఏడే అసలు...” ఇసొగాయి ఆగడం లేదు. ఇన్నేళ్ల మాటలూ వరదలా వస్తున్నాయి. హన్యూదని తిట్టాడు, నూడుల్స్‌ని తిట్టాడు, తనను తాను తిట్టుకున్నాడు. నగుమొ కళ్లలో నీళ్లు. ముసలావిడ విసనకర్ర ఆపేసి వింటోంది.

పక్కబల్ల మీద టై వదులు చేసుకుని తాగుతున్న ఆఫీసు ఉద్యోగి ఒకడు విసుక్కుంటూ ఇటు తిరిగాడు.

“అబ్బ, కాస్త నోరు మూస్తారా పెద్దాయనా! గెంబెయి ఊపిరి వినపడి చావట్లేదు!”

కొట్టంతా టీవీ వైపు తిరిగింది. తెర మీద గెంబెయి కళ్లు మూసుకుని, తల భుజానికి వాల్చి, బలమంతా పెట్టి కాదన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు.