బకెట్టు పాటల ఆల్బం, లేని డ్రమ్మరు

శుక్రవారం పత్రికలో "ఈ ఆల్బంలో డ్రమ్మర్ లేడు" అని సమీక్ష వచ్చింది కాబట్టి, ఉదయం పదకొండింటికల్లా గొర్లె వంశీధర్ లేకుండా పోయాడు. విశాఖపట్నంలో సమీక్షల అమలు కార్యాలయం వాళ్లు ఇలాంటి పనులు భోజనాల వేళలోపే ముగిస్తారు. ఆ సమయానికి వంశీ ఇడ్లీ తింటున్నాడు. ప్లేటులో ఒకటిన్నర మిగిలాయి, చట్నీ మాత్రం అయిపోయింది.

వంశీ 'ఉప్పుగాలి' అనే రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. సినిమాల జోలికి వెళ్లని బ్యాండు కాబట్టి దాని పేరు విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లు మాత్రం ప్రాణమిచ్చేస్తారు. ఆ పిచ్చి అభిమానుల కోసమే, ఎప్పుడో రికార్డు చేసి అటక మీద పడేసిన పదకొండు పాటల్ని ఏరి ఆల్బంగా వేశారు. నిజం చెప్పాలంటే సమీక్ష బ్రహ్మాండంగా ఉంది. "గిటారిస్టు పంతొమ్మిదేళ్ల కుర్రాడిలా వాయించాడు" అన్నారు. గిటారిస్టు జోయెల్‌కి పొట్ట పోయి మొటిమలొచ్చాయి, అద్దం ముందు నుంచి కదలడం లేదు. "గాయకుడి గొంతులో వాన కురుస్తుంది" అన్నారు. తారకేశ్ నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్లు గొడుగులు విప్పుతున్నారు. బట్టలు ఆరేదాకా మాట్లాడొద్దని వాళ్లావిడ గట్టిగా చెప్పింది.

వంశీ భార్య కుసుమకి ఇందులో ఏదీ నవ్వు తెప్పించలేదు. ఆమెకి మొగుడు కావాలి. ఆ మధ్యాహ్నమే కార్యాలయానికి వెళ్లింది. సెక్షన్ ఆఫీసరు పేర్రాజు గారు నిజాయితీపరుడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదకొండు పాటలూ శ్రద్ధగా విన్నారు.

"డ్రమ్స్ ఎక్కడా లేవమ్మా. ఏదో బకెట్టు చప్పుడు."

"అవి మా ఆయన చేరకముందువండీ. అప్పుడు తారకేశే నీళ్ల బకెట్టు బోర్లించి వాయించీవోడు."

"అదేనమ్మా చిక్కు. సమీక్ష తప్పయితే మూడు రోజుల్లో దిద్దేస్తాం. ఇది కరెక్టుగా ఉంది. కరెక్టయినదాని మీద అప్పీలుకి మా దగ్గర ఫారం లేదు."

"ఏటండీ ఇది! మనిషి పోయాడండీ!"

"పోలేదమ్మా, లేడు. పోయినవాళ్లది మేడ మీద సెక్షను."

కుసుమ అక్కడే కూర్చుని భోరుమంది. పేర్రాజు గారు కరిగిపోయి ఒక దారి చెప్పారు: అంతకన్నా ఎక్కువమంది చదివే సమీక్షకుడు వేరేలా రాస్తే, అదే అమలవుతుంది. ఊళ్లో అలాంటివాడు శేషాచలపతి ఒక్కడే. ఆయన పాటల మీద టైము దండగ చేసే రకం కాదు, అట్ట చూసి రాసేస్తాడు.

"డ్రమ్మర్ బాగున్నాడని రాయండి సార్," అంది కుసుమ, శేషాచలపతి ఇంటికెళ్లి.

"నిజంగా బాగా వాయించాడా?"

"అసలు వాయించలేదండి."

"అయితే ఇబ్బంది లేదు," అన్నాడాయన ప్రసన్నంగా. "వాయించి ఉంటే వినాల్సొచ్చేది."

మర్నాడే అచ్చయింది: "డ్రమ్మరే ఈ ఆల్బంకి ప్రాణం. అయిదుకి మూడు మార్కులు." పదకొండింటికి వంశీ వంటింట్లో ప్రత్యక్షమయ్యాడు. కుసుమ వెళ్లి వాటేసుకుని ఏడ్చింది. అతను ఆమె భుజం మీదుగా పేపరు చదివాడు.

"మూడేనా? మూడున్నర వస్తాదనుకున్నాను," అన్నాడు.

సాయంత్రం కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. అయిదుకి మూడు కనక, ఇకపై శ్రీ వంశీధర్ ప్రతి అయిదు రోజుల్లో మూడు రోజులు ఉంటారని దాని సారాంశం. కుసుమ మండిపడింది. ఎదురింటి పార్వతమ్మ గారు వచ్చి వీపు నిమిరారు.

"ఊరుకోవే తల్లీ. మా ఆయన రెండున్నరే. ముప్పయ్యేళ్లు గడిచిపోనాయి."

వంశీ ఆ సమీక్షని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. అతను లేని రెండు రోజుల్లోనూ ఇంటికి జనం వస్తూనే ఉన్నారు. ఫ్రేము ముందు నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదువుతారు, "గొప్పోడమ్మా మీ ఆయన" అంటారు, టీ తాగి సంతోషంగా వెళ్లిపోతారు. వంశీ ఏడని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.