ఏడు అడ్డం

కాఫీ చల్లారేలోపు పేపర్లో తన పజిలు ఒకసారి చూసుకుని, నింపాదిగా గడ్డం గీసుకుని ఆఫీసుకు బయల్దేరాలన్నది ఆ పొద్దున గుమాస్తా అనుకున్నది. ఊహ తెలిసినప్పటి నుంచీ అతనికి గళ్ళ నుడికట్లంటే ప్రాణం. చిన్నప్పుడు పూరించేవాడు, పెద్దయ్యాక కట్టడం మొదలుపెట్టాడు. 'గడసరి' అన్న మారుపేరుతో రోజూ పేపర్లో పజిలు కట్టేది అతనేనని భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

సగం గడ్డం గీసి పేజీ తిప్పాడు. అచ్చయింది తను పంపమన్న పజిలు కాదు.

"ఏమే! పేపరుకు ఏ కాయితం పంపావు?"

"బల్లమీదదేనండీ. మీరే కదా పంపమన్నారు?"

"బల్లమీద రెండున్నాయి కదే!"

"ఒకదాన్నిండా కొట్టివేతలు. శుభ్రంగా ఉన్నది చూసి పంపాను."

గుమాస్తాకో అలవాటుంది. మేనేజరు చివాట్లు పెట్టిన రోజున ఎదురు చెప్పే ధైర్యం లేక, ఇంటికొచ్చి కోపమంతా ఒక పజిలుగా కట్టి, తనివితీరా చదువుకుని చింపేస్తాడు. ఈసారి చింపడం మరిచాడు. కోపంలో కట్టింది గనక ఒక్క కొట్టివేతా లేదు. ఏడు అడ్డం: 'పని తక్కువ, జీతం ఎక్కువ'. జవాబు మేనేజరు. చుట్టూ బట్టతల, చిరాకు, జరిమానా. ఆ మేనేజరేమో పజిలు పూరించనిదే ఫైలు ముట్టడు. ఉద్యోగం ఊడినట్టేననుకున్నాడు గుమాస్తా.

మిగతా సగం గడ్డంతోనే పరుగెత్తి, ఆఫీసు పేపరును సంచిలో కుక్కేశాడు. మేనేజరు బంట్రోతును పంపి ఇంకోటి తెప్పించాడు. గుమాస్తా దానిమీద మంచినీళ్ళు ఒలకబోశాడు. మేనేజరు దాన్ని ఫ్యాను కింద ఆరబెట్టించాడు.

"నీకు ఒంట్లో బాగున్నట్టు లేదోయ్. గడ్డం చూడు, సగమే ఉంది. ఫైళ్ళు తర్వాత, ఇలా కూర్చుని పజిలుకు సాయం చెయ్యి."

గుమాస్తా కుర్చీ అంచున కూర్చున్నాడు. మేనేజరు తల నిమురుకుంటూ 'బట్టతల' రాశాడు. పెన్సిలు మొన విరిగితే విసుక్కుంటూ 'చిరాకు' రాశాడు.

"పని తక్కువ, జీతం ఎక్కువ. నాలుగు గడులు. ఆఁ, ఇంకెవరు? గుమాస్తాలు!"

"అద్భుతం సార్!"

గుమాస్తాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. నిలువు 'జరిమానా' మొదటి గడిలో 'స్తా' వచ్చి కూర్చుంది. మేనేజరు పెన్సిలు విసిరికొట్టాడు.

"ఈ గడసరి ఎవడో శుద్ధ దద్దమ్మ! వీడికి పజిలు కట్టడం రాదు. వీణ్ణి మాన్పించమని ఇప్పుడే పేపరువాళ్ళకు ఫోన్ చేస్తా."

దద్దమ్మ అన్నందుకు గుమాస్తా బాధపడలేదు. అది రోజూ వినేదే. కట్టడం రాదన్న మాటకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"గడసరి తప్పు చెయ్యడు సార్! అది గుమాస్తాలు కాదు, మేనేజరు! రాసి చూడండి!"

అన్నాక గాని తానేమన్నాడో తెలియలేదు. ఇంట్లో ఏమని చెప్పాలా అనుకుంటూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మేనేజరు రబ్బరుతో చెరిపి, ఒక్కో అక్షరమే రాశాడు. అన్నీ కుదిరాయి.

"అవునోయ్!" మేనేజరు పగలబడి నవ్వాడు. "బట్టతల, చిరాకు, జరిమానా... అచ్చం మా హెడ్డాఫీసు మేనేజరే! నీకింత బుర్రుందని తెలీదు సుమా. రేపట్నించి రోజూ పజిలు మనిద్దరం కలిసే పూరిద్దాం."

ఉద్యోగం నిలిచింది. అప్పటి నుంచీ గుమాస్తా రోజూ పొద్దున్నే తను కట్టిన పజిలు ముందు కూర్చుని, తల గోక్కుంటూ, మేనేజరు చెప్పే తప్పు జవాబులను మెచ్చుకుంటున్నాడు.