తడవని టార్పాలిన్లు

అమ్మా నేనూ ఇంటి ముందు కళ్లంలో మిర్చి రాశిలోంచి తాలుకాయలు ఏరుతుంటే, పార్టీ కార్యకర్త రామ్‌చందర్‌గారు మోటార్‌సైకిల్ దిగి చారిత్రక ప్రకటన చేశారు.

"ఎల్లుండి నుంచి ఈ తండాల మిరపకాయ తడిసేది లేదు. ఇంటికో టార్పాలిన్. మంత్రిగారు సొంత చేతుల్తో ఇస్తరు. అందాక స్టాకు మీ ఇంట్ల పెడ్తున్నం."

ట్రాక్టర్ వచ్చి కట్టలు దింపి పోయింది. పినపాక వైపు మబ్బు నల్లబడింది. రాశి మీదికి ఒక్కటి ఇమ్మని మా నాయన హాతీరాం అడిగాడు. ఆ రాశే మా ఏడాది తిండి.

"ముందే కప్పుకుంటే మంత్రిగారొచ్చి ఏమియ్యాలె?"

చినుకులు మొదలయ్యాయి. మా పూరింటి కప్పు కారడం చూసి రామ్‌చందర్‌గారి ముఖం వాడిపోయింది.

"టార్పాలిన్లు తడుస్తయ్ గదా."

"తడిసేటందుకే గదా అవి," అంది అమ్మ.

"అవ్ వదినా. కానీ ఇంక ఓపెనింగ్ కాలె. గవర్నమెంటు సొత్తు తడిస్తే కేసైతది."

మా మిర్చి మీద వాన ఆపడానికి మేం అడ్డాకులతో కుట్టుకున్న పరదాలున్నాయి. వాటిని ఆయనే లాగి, ఆయనే మోసుకొచ్చి, కట్టల మీద శ్రద్ధగా పరిచారు. అంత బాధ్యతగల మనిషిని నేను మళ్లీ చూడలేదు. వాన దంచికొట్టింది. ఒక్క టార్పాలిన్ తడవలేదు.

మంత్రిగారు వచ్చిననాడు ఎండ మాడింది. మేం పలచగా ఆరబోసిన కాయను, ఫొటో కోసమని మళ్లీ రాశి పోయించారు. మంత్రిగారు ఇంకా తడారని ఆ రాశి మీద టార్పాలిన్ కప్పి, లోపలికి చెయ్యి పెట్టి చూశారు.

"వెచ్చగా కూడా ఉందే," అని ఆశ్చర్యపోయారు. "ఇక దీంట్లోకి చుక్క నీరు పోదు."

"బయటికీ రాదు," అంది అమ్మ.

దానికీ చప్పట్లు కొట్టారు.

"పేపర్ల పడేదాక తియ్యకుండ్రి," అన్నారు రామ్‌చందర్‌గారు. "విలేకరి మళ్లొస్తే, ఫొటోల ఉన్నట్టే ఉండాలె."

నాలుగో రోజు పొద్దున పేపర్ ఆయనే తెచ్చి, మా మంచం మీద కూర్చుని చదివారు.

"'మిర్చిని కాపాడిన మంత్రి.' చూసినవా హాతీరాం? నీ రాశిని జిల్లా అంతా చూసింది." అంతలో ముక్కు మూసుకున్నారు. "ఏందో కుళ్లిన వాసనొస్తుంది. ఇల్లు జర సాఫ్‌గ ఉంచుకోవాలె."

నాయన మూలనున్న పార తీసుకుని, కళ్లంలో రాశి దగ్గరికి వెళ్లిపోయాడు.