ఆఫీసరు కుర్చీ

"ఇకపై మన పిల్లలు నిద్రలో కూడా మాండరిన్‌లోనే కలవరిస్తారు," అని నైపుణ్యాల మంత్రిగారు ప్రకటించారు. రాబోయే చైనా ఫ్యాక్టరీలో ఉద్యోగాలన్నీ ఆ భాష వచ్చినవాళ్ళకేనట.

ఆ కలవరింతల భారం కాలేజీ మాండరిన్ మాస్టారి నెత్తిన పడింది. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం. "మా తమ్ముడు మీకన్నా వెనకొచ్చి పర్మనెంటయ్యాడు," అని భార్య రోజూ అన్నంతో పాటు వడ్డించేది.

మాస్టారు బుర్ర గోక్కుని ఉత్తుత్తి ఇంటర్వ్యూలు మొదలుపెట్టారు. బల్లకి అటు ఆఫీసరు, ఇటు అభ్యర్థి. తీరా చూస్తే పిల్లలందరూ ఆఫీసరు కుర్చీకే ఎగబడ్డారు. జవాబు చెప్పమంటే నోరు పెగలనివాళ్ళు ప్రశ్నలు మాత్రం గడగడా అడిగేవాళ్ళు. ఏ వైపునుంచి మాట్లాడితేనేం, మాట్లాడుతున్నారు కదా అని మాస్టారు మురిసిపోయారు. దూరదృష్టిలో ఆయన మంత్రిగారికేమీ తీసిపోరు.

మంత్రిగారు విలేకరులనీ, చైనీయుడైన ఫ్యాక్టరీ మేనేజరునీ వెంటబెట్టుకుని ఓ రోజు క్లాసు చూడ్డానికి వచ్చారు. "ఇవాళ గట్టెక్కిస్తే మీ పర్మనెంటు ఆర్డరు మీద సంతకం ఇక్కడే పెడతాను మాస్టారూ," అని చెవిలో వేశారు.

అలవాటు కొద్దీ ఓ గడుగ్గాయి అప్పటికే ఆఫీసరు కుర్చీ ఎక్కేసింది. మేనేజరుకి అభ్యర్థి కుర్చీయే మిగిలింది.

"పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అని ఆ అమ్మాయి మాండరిన్‌లో అడిగింది.

ఈ ఊళ్ళో ఆయన భాషలో ఆయన సంగతి అడిగినవాళ్ళే లేరు కాబోలు, మనిషి కరిగిపోయాడు. "నాకు బొమ్మల కొట్టుండేది. మూతపడింది. సూటేసుకుని నవ్వుతూ నిలబడమని వీళ్ళు పిలిస్తే వచ్చాను."

"మరి ఫ్యాక్టరీ?"

"నేనూ చూళ్ళేదమ్మా. ఎక్కడైనా ఉంటే నాకూ ఓ ఉద్యోగం చూడు."

విలేకరులు చప్పట్లు కొట్టారు. "ఏమంటున్నాడు మాస్టారూ?" అన్నారు మంత్రిగారు.

మాస్టారికి మాండరిన్ అంత స్పష్టంగా మునుపెన్నడూ అర్థం కాలేదు. సంతకం లేని ఆర్డరూ అంతే స్పష్టంగా కనిపించింది.

"మీ కృషి చూసి నోట మాట రావట్లేదంటున్నారండీ."

"అంతసేపు మాట్లాడి, మాట రావట్లేదంటాడేం?"

"ఆ భాషే అంతండీ. కాస్త సాగుతుంది."

మంత్రిగారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. విలేకరులు ఫొటోలు తీశారు.

మర్నాడు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పర్మనెంటు మనిషి నడకతో క్లాసుకి వెళ్ళారు. ఆఫీసరు కుర్చీలో అదే అమ్మాయి ఉంది. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

"కూర్చోండి సార్," అంది మాండరిన్‌లో. కూర్చున్నారు.

"ఈ ఉద్యోగం మీకెలా వచ్చింది?"

ఇన్నేళ్ళు తను నేర్పిన భాషలో మాస్టారు జవాబు వెతుక్కున్నారు. ఒక్క ముక్కా నోటికి రాలేదు.

"పోనీ, మన భాషలోనే చెప్పండి సార్," అంది ఆ అమ్మాయి.