బండికేమీ కాలేదు

వజ్రకాయ కంపెనీ లారీలో ఏ భాగం చెడిపోయినా అది లారీలో కాక ఓనరు ఒంట్లో చెడిపోతుంది కాబట్టి, ఆ కంపెనీ బండి దారిలో ఆగిపోయిందన్న మాట ఇంతవరకు ఎవరూ వినలేదు. ఇంజను ఆయిలు కారితే ఓనరుకు ముక్కు కారుతుంది. బండి బరువు మోసే కమాన్ పట్టీ విరిగితే ఓనరు నడుము పడుతుంది. బండి మాత్రం లోడుతో సహా చేరవలసిన ఊరు చేరుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇది పాత సంగతే. అక్కడ ఎవరైనా కుంటుకుంటూ టీకొట్టుకు వస్తే ఏమైందని అడగరు, బండి ఎక్కడుందని అడుగుతారు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. కంపెనీ పెట్టిన పెద్దాయన అంతకు ముందు ఇనప బీరువాలు చేసి అమ్మేవాడు. బీరువాకు చక్రాలు తగిలిస్తే లారీ అవుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ రోజుల్లో వజ్రకాయను జనం నెట్టుడు బండి అనేవారు. ఎత్తు కనిపిస్తే ఆగిపోయేది, పల్లం కనిపిస్తే ఆగేది కాదు. పెద్దాయన పోయి కొడుకు పగ్గాలు పట్టాక ఇంజనీర్లను పిలిచి బండిని బాగు చేయడానికి ఎంతవుతుందని అడిగాడు. వాళ్ళు చెప్పింది ఆయనకు నచ్చలేదు. ఇనుముకు ఓర్పు లేదు, అరిగితే విరుగుతుంది. మనిషి అలా కాదు, ఎంత అరిగినా ఎలాగో లాక్కొస్తాడు. కనుక ఇనుమును బాగు చేయడం మానేసి, అరుగుదలను మనిషికి బదిలీ చేయడం మేలని తేల్చారు. ఆ బదిలీ ఎలా జరిగిందో చెప్పే అధ్యాయం కంపెనీ చరిత్ర పుస్తకంలో ఉంది గాని, అందులో చాలా భాగం రిబ్బను కత్తిరిస్తున్న ఫొటోలే.

తాళ్ళూరి పూర్ణచంద్రరావు ఈ సంగతులన్నీ తెలిసే వజ్రకాయ కొన్నాడు. తెలియక కొన్నానని ఆయన ఎన్నడూ అనలేదు. అంతకు ముందు వేరే కంపెనీ బండి ఉండేది. అది నెలకోసారి ఏదో ఒక అడవిలో ఆగేది. మిరపకాయల లోడు వానలో తడిసి, సేటు ఫోనులో తిట్టిన తిట్లు విని, ఇంతకన్నా నడుము పోవడం నయమనుకుని బండి మార్చాడు. ఆ లెక్క తప్పని చెప్పడం కష్టం.

మొదటి రెండేళ్ళు బాగానే గడిచాయి. తరవాత బ్రేకులు అరిగాయి. ఆ వారమంతా పూర్ణచంద్రరావు నడక మొదలుపెడితే ఆగలేకపోయేవాడు. కూరల సంచీతో సొంత ఇంటి ముందు నుంచే సాగిపోతుంటే, భార్య భ్రమరాంబ గేటు దగ్గర నిలబడి సంచీ వరకు అందుకునేది. ఆయన వీధి చివర కరెంటు స్తంభాన్ని వాటేసుకుని ఆగేవాడు. సెల్ఫ్ పోయినప్పుడు పొద్దున్నే పక్కింటివాళ్ళు వచ్చి తోస్తే గాని మంచం దిగలేదు. హారను పోయినప్పుడు మాట పడిపోయింది. ఆ కొన్నాళ్ళూ ఇల్లు ప్రశాంతంగా ఉందని భ్రమరాంబ తరవాత ఒప్పుకుంది. హెడ్‌లైటుతో ఎడమ కన్ను పోయింది, అది మళ్ళీ రాలేదు.

చివరికి కమాన్ పట్టీ విరిగి నడుము పడింది, చేతికి కర్ర వచ్చింది. ఇలాంటప్పుడు సర్వీస్ సెంటరుకు వెళ్ళడం పద్ధతి. బండిని తీసుకెళ్ళనక్కర్లేదు, ఓనరు వెళ్తే చాలు. అక్కడ ఇన్‌చార్జి శశిధర్ అనే కుర్రాడు మెడకు టై కట్టుకుని ఉంటాడు. పూర్ణచంద్రరావును ర్యాంపు మీద పడుకోబెట్టించి, కింద నుంచి టార్చి వేసి చూశాడు.

"బండికేమీ కాలేదండి. మీరే సరిగా మెయింటెయిన్ అవటం లేదు."

"వారంటీ ఉందిగా బాబూ."

"బండికుందండి. మీకు లేదు."

"మరి నా నడుం?"

"నడుం బండిలో భాగం కాదు కదండీ," అన్నాడు శశిధర్ చాలా మర్యాదగా. వెళ్ళేటప్పుడు సేవలు ఎలా ఉన్నాయో అయిదు నక్షత్రాలకు ఎన్నివ్వగలరని అడిగాడు. పూర్ణచంద్రరావు అయిదూ ఇచ్చాడు. బండికి ఏ లోపమూ లేనప్పుడు ఒక నక్షత్రం తగ్గించడానికి ఆయనకు కారణం దొరకలేదు.

ఆయన ఒక్కడే ఇలాంటివాడనుకుంటే పొరపాటు. ఆటోనగర్ టీకొట్టు దగ్గర సాయంత్రాలు చేరే ఓనర్లందరూ ఇంతే. చేతికర్రలు గోడకు ఆనించి, దగ్గులు ఆపుకుంటూ, కంపెనీని మెచ్చుకుంటారు. బసవపున్నయ్య అనే పెద్ద ఓనరు రెండు మోకాళ్ళూ, ఒక కిడ్నీ పోగొట్టుకున్నాడు.

"నా సంగతి వదిలెయ్ పూర్ణా. బండి చూడు, నిన్న షెడ్డు నుంచి తెచ్చినట్టు లేదూ? ఇంకో జన్మంటూ ఉంటే అప్పుడు కూడా వజ్రకాయే కొంటా," అంటాడు. పక్కన కొత్తగా బండి కొనదలిచినవాడు ఈ మాట విని ఆ మర్నాడే బుక్ చేస్తాడు. పాత బండ్ల బేరగాళ్ళు కూడా బండి చూడరు. ఓనరు మంచాన పడ్డాడంటే బండి పాడవకుండా ఉందని అర్థం కనుక, పరామర్శకు వచ్చినట్టు పళ్ళు పట్టుకుని వచ్చి రేటు అడుగుతారు. తనను నమిలేసినదాన్ని నలుగురిలో మెచ్చుకునేవాడికి మన దగ్గర ఎప్పుడూ లోటు లేదు.

పూర్ణచంద్రరావుకు అసలు చిక్కు ఆయన ఒంటితో రాలేదు, బండి నుదుటి మీద రాతతో వచ్చింది. ఆటోనగర్‌లో బాడీ కట్టించిన ఏ ఓనరూ క్యాబిన్ నుదుటి మీద పిల్లల పేరు రాయించకుండా బండిని బయటికి తీయడు. ఆయన కూడా ఎర్ర రంగులో, పసుపు నీడతో, అటో నెమలి ఇటో నెమలి పెట్టించి, కూతురు పేరు "ప్రవల్లిక" అని రాయించాడు. ఓనరు ఒళ్ళు ఇక మోయలేనప్పుడు బండి చెడు నుదుటి మీది పేరుకు పోతుందని, అది మోసినంత కాలం ఓనరు జోలికి రాదని కంపెనీ నిబంధన. ఇది కూడా అందరికీ తెలుసు. తెలిసీ రాయిస్తారు. పిల్లల పేరు లేని బండికి కళ ఉండదు మరి.

ప్రవల్లిక ఎస్సై ఉద్యోగానికి రాత పరీక్ష ముగించి పరుగు పరీక్షకు తయారవుతోంది. ఆ పరుగు మీదే మూడేళ్ళ చదువు ఆధారపడి ఉంది. ఒకరోజు పొద్దున స్టేడియంలో పరిగెడుతుండగా, అక్కడ అరకు ఘాట్ రోడ్డు మీద సిమెంటు లోడుతో ఎక్కుతున్న బండికి ఇరుసు పగిలింది. బండి ఏమీ ఎరగనట్టు ఘాటు ఎక్కేసింది. ప్రవల్లిక ఇక్కడ బొక్కబోర్లా పడింది.

ఎముకల డాక్టరు ఆమె పాదాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"లారీ కేసా? ఏ కంపెనీ?"

"వజ్రకాయండి," అన్నాడు పూర్ణచంద్రరావు.

"మంచి బండి. మా బావమరిదికి రెండున్నాయి." డాక్టరు కట్టు కట్టించాడు. "పరీక్ష నాటికి పరిగెత్తుతుందిలెండి. ఈలోపు ఇంకోటి రాకుండా చూసుకోండి."

ఇంటికి వచ్చాక ప్రవల్లిక కాలు కుర్చీ మీద చాపుకుని తండ్రిని అడిగింది.

"నా పరుగయ్యేదాకా బండి ఆపేయొచ్చుగా నాన్నా."

"నిలబెడితే తుప్పు పడుతుందమ్మా. ఆ తుప్పు మళ్ళీ నీ కీళ్ళలోకే గదా వచ్చేది."

"అయితే అమ్మేయ్."

"అమ్మి ఏ బండి కొనను? మిగతా కంపెనీలయ్యి దారిలో ఆగిపోతాయి."

ప్రవల్లిక తండ్రి ముఖం వంక కాసేపు చూసింది. ఆయన ఎగతాళికి అనలేదు. "అయితే నా పేరన్నా తీయించెయ్," అని అటు తిరిగి కూర్చుంది. కూతురు తనతో అంత పొడిగా మాట్లాడటం అదే మొదటిసారి. పూర్ణచంద్రరావుకు గుండెలో కలుక్కుమంది. అది బండి వల్ల కాదు.

పేరు తీయించడం తేలికే. కానీ పేరు లేని వజ్రకాయ మామూలు ఇనుముతో సమానం, పగలవలసినవి బండిలోనే పగులుతాయి, వారంటీ కూడా పోతుంది. కాబట్టి ఇంకో పేరు కావాలి. దేవుడి పేర్లు నిషేధం. ఒకప్పుడు రాసేవారు గాని, ఏదో ఊళ్ళో మూలవిరాట్టుకు మోకాలు దగ్గర పగులు వచ్చిందని దేవాదాయ శాఖవారు అభ్యంతరం చెప్పారు. రాజకీయ నాయకుల పేర్లూ రాసి చూశారు. వాళ్ళ మీద ఏ భారమూ నిలవలేదు, జారి మళ్ళీ ఓనరు మీదే పడింది. బసవపున్నయ్య ఒకసారి తెగించి కంపెనీ యజమాని పేరు రాయించాడు. ఆ యజమానికి తుమ్మయినా రాలేదు. కంపెనీవారి పేరుకు కంపెనీ బండి చెడు అంటదన్నది మొదటి నుంచీ ఉన్న రూలేనని శశిధర్ తరవాత వివరించాడు.

"నా పేరు రాయించండి," అంది భ్రమరాంబ.

ఆవిడ పేరు అప్పటికే ఇంటి గేటు మీద ఉంది. గేటు కూడా వజ్రకాయవారిదే కాబట్టి దాని తుప్పంతా ఆవిడ మోకాళ్ళలో ఉంది. ఇంకేమీ పట్టేట్టు లేదని ఇద్దరికీ తెలుసు. తరవాత ఆవిడే చారు గిన్నె మీద మూత పెడుతూ అంది.

"మన ఏసోబున్నాడుగా. ఉక్కుముక్క."

ఏసోబు ఆ బండి డ్రైవరు. కొన్న రోజు నుంచీ అతనే నడుపుతున్నాడు, అతని పడక కూడా క్యాబిన్‌లోనే. తెనాలి దగ్గర పల్లెలో భార్యా కొడుకూ ఉన్నారు. పండక్కి ఒకసారి, పంటలకు ఒకసారి వెళ్ళి చూసి వస్తాడు. పూర్ణచంద్రరావుకు ఇది తప్పనిపించింది. కంపెనీ తనకు చేసిందే తాను ఇంకొకడికి చేయబోతున్నానని స్పష్టంగా తెలిసింది, సిగ్గు కూడా వేసింది. ఆ సిగ్గు భోజనం ముగిసేదాకా ఉంది. చేయి కడుక్కుని పెయింటరుకు ఫోను చేశాడు.

పెయింటరు చిట్టిబాబు మర్నాడు నిచ్చెన వేసుకుని "ప్రవల్లిక"ను గీకేయడం మొదలుపెట్టాడు. ఏసోబు కింద నిలబడి తలెత్తి చూస్తున్నాడు.

"పాపగారి పేరు తీసేత్తన్నారేంటండీ?"

"నీ పేరు రాయిస్తున్నా ఏసోబూ."

ఏసోబు నమ్మలేదు. చిట్టిబాబు సుద్దతో మొదటి అక్షరం గీశాక నమ్మాడు.

"సంగతి తెలుసుగా మరి," అన్నాడు పూర్ణచంద్రరావు నేల చూస్తూ.

"తెలవకేమండీ. ఆటోనగర్లో తెలవందెవరికి?" ఏసోబు కళ్ళు తుడుచుకున్నాడు. "నేను పుట్టింకాడి నించీ నా పేరు ఏడా రాయలేదండి, రేషను కార్డు మీద తప్ప. ఆడ కూడా తప్పు రాశారు. ఇప్పుడు ఇంతింత అచ్చరాలు. మావోళ్ళు నమ్మరండి."

అతను ఫోను తీసి, సగం రాసిన పేరునే ఫొటో తీసి భార్యకు పంపాడు. తిట్టి ఉంటే పూర్ణచంద్రరావు తట్టుకునేవాడు, ఈ కృతజ్ఞతను తట్టుకోలేక టీకి వెళదామని కదిలాడు. ఏసోబు వెనకే వచ్చి, అడగాలా వద్దా అన్నట్టు తల గోక్కున్నాడు.

"ఓనరుగారండీ, ఒక్క మాట. కింద చిన్నగా మా బుడ్డోడి పేరు కూడా రాపిత్తారాండి? ఇమ్మానుయేలు. మూడో తరగతండి. మీరు పాపగారిది రాపించుకున్నట్టు."

పూర్ణచంద్రరావు ఆగాడు. మొదటి పేరు పూర్తిగా అరిగాక చెడు రెండో పేరుకు పోతుంది. ఆయనకు తెలుసు, ఏసోబుకూ తెలుసు. వద్దని ఒక్క మాట అంటే అయిపోయేది. నిచ్చెన మీద నుంచి గీకిన ఎర్ర రంగు పొట్టు పొట్టుగా రాలి ఇద్దరి చెప్పుల మీద పడుతోంది.

"రాయించుకో," అన్నాడు. "రంగు నా లెక్కలో వేసుకోమను."

"నెమళ్ళు ఉంచమంటారా తీసేయమంటారా?" అని చిట్టిబాబు పైనుంచి అడిగాడు. నెమళ్ళు ఉంచమన్నారు.

ప్రవల్లిక పరుగు నెగ్గింది. కొత్త చెడు రాక పూర్ణచంద్రరావు నడుము నిటారుగా నిలిచింది, కర్ర అటక ఎక్కింది. ఏసోబు ఆ ఏడాదిలో కుడి భుజం, రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. బండి నడపడానికి ఎడం చేయి చాలునని తనే అంటాడు. దాబాల దగ్గర ఎవరైనా క్యాబిన్ మీది పేరు చదివితే, వినపడకపోయినా పెదవులు చూసి నవ్వుతాడు.

కంపెనీ వార్షికోత్సవంలో పూర్ణచంద్రరావుకు శాలువా కప్పారు. అనుభవం చెప్పమంటే మైకు పట్టుకుని, ఇన్నేళ్ళలో ఈ బండి వల్ల నాకు ఏ ఇబ్బందీ రాలేదని చెప్పాడు. ముందు వరుసలో చేతికర్రలు పక్కన పెట్టి ఓనర్లు చప్పట్లు కొట్టారు. అక్కడే రెండో వజ్రకాయ బుక్ చేశాడు. సేల్స్ కుర్రాడు కాగితం నింపుతూ, నుదుటి మీద ఏ పేరు రాయించమంటారని అడిగాడు.

"ఆగవయ్యా, ముందు డ్రైవర్ని కుదరనీ," అన్నాడు పూర్ణచంద్రరావు. "పిల్లలున్నవాడైతే బాగుంటుంది."

కుర్రాడు తల ఊపి ఆ గడి ఖాళీగా వదిలేశాడు. ఈ మధ్య అందరూ అలాగే అంటున్నారని చెప్పాడు.