దయామణి పుట్టించిన జ్వరం

ఆ మంగళవారానికి యేసుపాదం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకు ముందుగదిలోకి వెళ్లి తలుపు వేసుకోవాలి. ఒకటిన్నరకు బయటికి రావాలి. ఈ మధ్యలో ఆ గదిలో తన ముఖం తప్ప మరొక ముఖం కనిపించకూడదు. రొంపిచెర్లకు ఆరు కిలోమీటర్ల అవతలున్న తన ఊళ్లో పట్టపగలు మూడు గంటలు ఒంటరిగా ఉండడం ఎంత పెద్ద పథకమో, పన్నెండేళ్లుగా పరాయి దేశంలో ఉన్నందువల్ల అతడు మరిచిపోయాడు.

ఒమన్‌లోని సోహార్‌లో ఒక పైపుల కంపెనీకి అతడు స్టోర్‌కీపర్. అతడి దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు అతడికే అధికారులయ్యేవారు. వాళ్లకు డిగ్రీ ఉంది, అతడికి లేదు. మూడోవాడు చేరిన రోజున "ఈ బోల్టులు దేనికి?" అని వినయంగా అడిగి, రెండో నెల తిరక్కుండానే "ఈ బోల్టులు ఇక్కడెందుకున్నాయి?" అని కసిరాడు. ఆ సాయంత్రమే యేసుపాదం అక్కడి యూనివర్సిటీకి వెళ్లి పార్ట్‌టైమ్ డిగ్రీలో పేరు రాయించుకున్నాడు. పగలు స్టోరు, సాయంత్రం తరగతి. ఆరేళ్లలో అన్ని పేపర్లూ గట్టెక్కి, స్టాటిస్టిక్స్ ఒక్కటి మిగిలింది. అందులో రెండుసార్లు తప్పాడు. ఆరేళ్ల గడువు ఈ నెలతో సరి. మూడోసారి తప్పితే ఆరేళ్ల చదువూ చెల్లదు. మేనకోడలి పెళ్లికని సెలవు మీద వచ్చిన వారంలోనే ఆ పరీక్ష వచ్చిపడింది. ఇంటి నుంచే, లాప్‌టాప్ ముందు కూర్చుని రాయాలి. కెమెరాలో రెండో మనిషి కనిపిస్తే హెచ్చరిక. మూడో హెచ్చరికకు పేపరు మూసేస్తారు.

"ఒకటిన్నర దాకా ఎవర్నీ లోపలికి రానీయమాకే," అన్నాడు భార్య దయామణితో.

"ఏమని చెప్పాల?"

"పరీక్ష రాస్తన్నాడని చెప్పు."

దయామణి కొంగు సర్దుకుంది. "నలభై ఏడేళ్ల ఇంజనీరు డిగ్రీ పరీక్ష రాస్తన్నాడంటే నవ్వరూ?"

"ఊళ్లో నన్ను ఇంజనీర్నని చెప్పుకొచ్చిందెవరు?"

"నేనే. మీ యూనివర్సిటీ వాళ్లకంటే ముందే నిన్ను ఇంజనీర్ని చేశా."

వాదనకు వ్యవధి లేదు. వీధి తలుపు గడియ ఊడిపోయి ఏడాదైంది గనక, అతడు లోపలి నుంచి దానికి ఒక కుర్చీ ఆనించి, లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

పావుగంటకు పక్కింటి ఖాతూన్ బీ కరివేపాకు కోసం వచ్చింది. తలుపు వేసి ఉండడం చూసి, "తమ్ముడేడే?" అంది. దయామణికి పరీక్ష మాట గొంతు దాటలేదు. "జ్వరం అక్కా. ఆ దేశం నుంచే తెచ్చుకున్నాడు. అంటుకుంటదంట, దగ్గరికి పోకూడదంట," అంది. అంటుకుంటుందంటే వీధి వీధంతా ఆమడ దూరంలో ఉంటుందని ఆమె అంచనా.

ఆ ఊరిని ఆమె అంత తక్కువగా అంచనా వేయడం అదే మొదటిసారి. అక్కడ పెళ్లికి రానివాణ్ణి క్షమిస్తారు గాని, మంచం పట్టిన మనిషిని పలకరించనివాణ్ణి మూడు తరాల దాకా మరువరు. మామూలు జ్వరమైతే సాయంత్రం పోయినా చెల్లుతుంది. అంటుకునే జ్వరమైతే వెంటనే పోవాలి. లేకుంటే ప్రాణానికి భయపడి రాలేదన్న మాట పడాలి.

పదకొండింటికి కిటికీ రెక్క తెరుచుకుంది. ఊచల మధ్య నుంచి సగ్గుబియ్యం జావ గ్లాసూ, దాని వెనక ఖాతూన్ బీ ముఖమూ వచ్చాయి.

"తమ్ముడూ, లేచి కూర్చున్నావా? నయమే. వేడిమీద తాగు."

తెరమీద ఎర్రటి అక్షరాలు మెరిశాయి: మొదటి హెచ్చరిక. నోరు విప్పినా నేరమే గనక యేసుపాదం చేతులు జోడించాడు. ఆమె దాన్ని కృతజ్ఞత అనుకుంది. గ్లాసు కిటికీలో పెట్టి, జ్వరం మాటను కూడా పడగొట్టిందని వీధిలో చెప్పింది.

మాట పోయిన మనిషిని చూడకుండా ఉండడం మరీ తప్పు. పదకొండున్నరకు ఎదురింటి హనుమయ్య దొడ్డిదారిన, వంటింట్లో నుంచి ముందుగదిలోకి వచ్చాడు. దుప్పటి కప్పుకుని, ముక్కు చీదుకుంటూ వచ్చి పక్కనే మంచం మీద చతికిలబడ్డాడు.

"నాకూ మూడు రోజుల్నుంచీ ఇదే బాధ అన్నాయ్. నీది ఎట్టాంటిదో చూసిపోదామని వచ్చా." అతడు వంగి లాప్‌టాప్‌లోకి చూసి, తెరమీద తుమ్మాడు. "ఏందీ, డాక్టరుతో మాట్లాడతన్నావా?"

రెండో హెచ్చరిక. యేసుపాదం అతణ్ణి దుప్పటితో సహా వంటింట్లోకి నెట్టి తిరిగి వచ్చేసరికి, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సంఘటనలు వరసగా జరిగే అవకాశం ఎంతో లెక్కగట్టమనే ప్రశ్న ఎదురుచూస్తోంది. అతడు పళ్లు పటపట కొరికాడు. హనుమయ్య దాన్ని వంటింటి గుమ్మంలో నుంచి విని, చలి మొదలైందని బయటికి వెళ్లి ప్రకటించాడు.

పన్నెండు కావస్తుండగా కారు వచ్చి ఆగింది. రాబోయే ఎన్నికల్లో సర్పంచి పదవికి నిలబడదలచిన చెన్నకేశవులు, వెంట పదిమంది మనుషులతో దిగాడు. "అవతలి పార్టీవాళ్లు రాకముందే మనం నర్సరావుపేట ఆసుపత్రికి చేర్చాల," అంటూ తలుపు తోశాడు. కుర్చీ పక్కకు ఒరిగింది. పదకొండు తలలు ఒక్కసారిగా కెమెరాలో పడ్డాయి.

మూడో హెచ్చరికతో ప్రశ్నపత్రం మాయమై, తెరమీద ఒక నడివయసు పర్యవేక్షకురాలు ప్రత్యక్షమైంది. వీళ్లంతా ఎవరని ఆమె ఇంగ్లీషులో అడిగింది. తనకు జ్వరమని చూడ్డానికి వచ్చినవాళ్లని యేసుపాదం చెప్పాడు. ఆమె స్వరం కొంత మెత్తబడింది. నిజంగా జ్వరమైతే డాక్టరు కాగితం పంపవచ్చు. గడువు పొడిగించి వచ్చే నెల మరొక అవకాశం ఇస్తారు. జ్వరం కాకపోతే నిబంధన ప్రకారం పేపరు మూసేయక తప్పదు.

ఈ మాటల సారాంశం చెన్నకేశవులుకు అందింది. "కాగితమెంతసేపు? పది నిమిషాల్లో తెప్పిస్తా. మనోడే ఉన్నాడు." గుమ్మంలో నుంచి దయామణి, ఒప్పుకోమన్నట్టు తల ఊపుతోంది.

యేసుపాదం లేచి నిలబడ్డాడు. ఆరేళ్లు సాయంత్రాలన్నీ ధారపోసింది బోల్టుల విషయంలో ఒకడు అబద్ధంగా పెద్దరికం చేసినందుకు. ఇప్పుడు ఆ చదువు తానే ఒక అబద్ధపు కాగితం మీద నిలబెట్టుకోవాలా?

"నాకు జ్వరం లేదు," అన్నాడు ముందు ఆమెతో, తర్వాత ఊరితో. "నేను ఇంజనీర్ని కూడా కాదు. స్టోర్‌కీపర్ని. డిగ్రీ లేదు, దానికే పరీక్ష రాస్తన్నా. నలభై ఏడేళ్లకి రాస్తన్నా. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వి బయటికి పోండి, నాకింకా గంటన్నర ఉంది."

ఎవరూ నవ్వలేదు. గుంపు వెనక, దుప్పట్లో నుంచి హనుమయ్య గొంతు వచ్చింది. "ఇంజనీరువి కాదని మాకు పదేళ్ల కిందటే తెలుసు అన్నాయ్. మా బావమరిది ఆడనే పనిచేసేవాడు. దయామణి బాధపడుద్దని అనలా."

దయామణి వంటింట్లోకి వెళ్లిపోయింది.

యేసుపాదం లాప్‌టాప్‌ను గుంపు వైపు తిప్పాడు. "మేడమ్, వీళ్లలో ఒక్కరికి స్టాటిస్టిక్స్ వచ్చని తేలినా నా పేపరు మూసెయ్యండి. నాకు వచ్చే నెల వద్దు. ఈ గంటన్నర ఇవ్వండి చాలు." పర్యవేక్షకురాలు పదకొండు ముఖాలనూ, జావ గ్లాసునూ, దుప్పటినీ వరసగా పరిశీలించింది. ఈ సాక్ష్యం ఆమెకు నమ్మదగినదిగానే తోచి ఉండాలి. మూడో హెచ్చరికను పక్కనబెట్టి, అభ్యర్థి ఆరోగ్యంగా ఉన్నాడని రాసుకుని పేపరు తిరిగి తెరిచింది.

ఆపైన ఊరు పరీక్షను తన చేతుల్లోకి తీసుకుంది. ఖాతూన్ బీ గడపకు వీపు ఆనించి కూర్చుంది. చెన్నకేశవులు వీధి మొదట నిలబడి ఉల్లిపాయలమ్మే ఆటో మైకు ఆపించాడు. గంటన్నరసేపు తానూ మాట్లాడలేదు, అది అతడి రాజకీయ జీవితంలో అపూర్వం.

మూడో రోజున ఫోనుకు ఫలితం వచ్చింది: యాభై ఎనిమిది, ఉత్తీర్ణుడు. ఆ సంగతి యేసుపాదం మంచం మీద, హనుమయ్య తుమ్ము ప్రసాదించిన అసలైన జ్వరంతో వణుకుతూ చదువుకున్నాడు. దయామణి కంగారుగా వీధిలోకి వచ్చింది.

"అక్కా, ఆయనకి జ్వరం. ఈసారి నిజంగానే."

ఖాతూన్ బీ నోటిమీద వేలు వేసుకుంది. "మెల్లగా అనవే. రాసుకోనీ. ఇది ఎన్నో పరీక్ష?"

సాయంత్రానికి జ్వరం నూట రెండు దాటింది. పలకరించడానికి ఒక్క పురుగూ రాలేదు గాని, వీధిలో కుక్కను కూడా మొరగనివ్వలేదు.