గండి పూడ్చే పందికొక్కు మాయం

సాలమోను ఇంటి గుమ్మానికి వేలాడే బోర్డు చూసి, పేటకి కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారు. "డిటెక్టివ్ సాలమోను. పోస్టల్ డిప్లొమా. జ్ఞానంలో పేరుకు తగ్గినవాడు" అని ఉంటుంది దాని మీద. 'తగినవాడు' అని రాయమంటే రాజోలు పెయింటరు ఒక వత్తు ఎక్కువ పెట్టాడు. దిద్దించమని బంధువులు ఎంత మొత్తుకున్నా సాలమోను వినలేదు.

"దిద్దితే తప్పు ఒప్పుకున్నట్టు. డిటెక్టివు తప్పు చెయ్యడు. తప్పులు పడతాడు" అన్నాడు.

పగలు అతను కొబ్బరిపీచు సొసైటీలో గుమాస్తా. సొసైటీ తలుపులు మూయగానే నల్లకళ్ళద్దాలు, వానకోటు తగిలించుకుని డిటెక్టివు అయిపోతాడు. కోనసీమ ఉక్కలో ఆ కోటు వేసుకున్నవాడు ఏ దొంగనైనా పట్టుకోవడానికి ముందు ఒక చెంబు మజ్జిగ పట్టుకోవాలి. సాలమోను రెండు చెంబులు పట్టుకుంటాడు.

ఆ మంగళవారం సాయంత్రం అతను మొదటి చెంబులో ఉండగా సీమోను వచ్చాడు. సీమోను ఆ పేటకి మొట్టమొదటి బి.ఏ. అక్కడి ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ ఒక్క ఉపాధ్యాయుడూ అతనే. సాలమోనుకి వరసకి మేనత్త కొడుకు. అతని మొహం చూడగానే సాలమోను చెంబు దించాడు.

"చెప్పకు సీమోనూ. నీ నడకే చెబుతోంది. హత్య!"

"కాదు బావా. కేసెట్టు పోయింది."

"ఏ కేసెట్టు?"

"గండి పూడ్చే పందికొక్కు."

సాలమోను కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. విషయం ఎంత పెద్దదో అతనికి తెలుసు. ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు.

అది ఏదో దూరదేశపు బొమ్మల సీరియలు. బల్లపరుపు తోక, ముందుకి పొడుచుకొచ్చిన పళ్ళు ఉన్న ఒక జంతువు పుల్లలూ మట్టీ తెచ్చి ఏటికి అడ్డుకట్టలు కడుతుంటుంది. రెండేళ్ళ కిందట టీవీలో వచ్చినప్పుడు మాటలు హిందీలో ఉండేవి. పంచాయతీ టీవీ ముందు కూర్చున్న జనం, సినిమా పాటలకి అడ్డొచ్చిందని విసుక్కుని బీడీలు కాల్చుకోవడానికి బయటికి వెళ్ళిపోయేవారు. ఎవరూ చూడటం లేదని కాబోలు, కథ సగంలో ఉండగానే ఆపేశారు. ఆపేసినట్టు కూడా ఎవరూ గమనించలేదు.

అయితే పెళ్ళిళ్ళకి టీవీ, వీడియో డెక్కు అద్దెకిచ్చే సూరిబాబు, కొత్త డెక్కు పనిచేస్తోందో లేదో చూడటానికి దాన్ని ఒక కేసెట్టులోకి ఎక్కించి మర్చిపోయాడు. తర్వాత గోదారి పెద్దవరద వచ్చింది. వరద వెళ్ళిన ఏడాది ఒక పెళ్ళిలో సినిమా కేసెట్టు అనుకుని సూరిబాబు దీన్ని పెట్టాడు. తెర మీద ఏటికి గండి పడింది. పళ్ళజంతువు పరిగెత్తుకొచ్చి గండి పూడ్చడం మొదలెట్టింది. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు నుంచి లేచొచ్చి నిలబడ్డారు.

"గట్టుకి బొక్క పెట్టే పందికొక్కుని పుట్టిన దగ్గర్నించీ చూస్తన్నాం గానీ, గండి పూడ్చే పందికొక్కుని ఇదే చూడ్డమండీ!" అన్నాడు తాతబ్బాయి అనే రైతు. ఆ మాటే దానికి పేరైపోయింది. ఆ తర్వాత పెళ్ళి మాట్లాడుకునేటప్పుడు మేళంతో పాటు పందికొక్కు కూడా అడగడం మొదలైంది. పెళ్ళి హడావిడిలో ఎప్పుడో సూరిబాబు దాని మీద ఇంకోటి ఎక్కించేస్తాడని భయపడి సీమోను ఆ కేసెట్టు తన ఇంట్లో దాచాడు. వారమంతా బడికి వచ్చిన పిల్లలకి శనివారం బడిలోనే సూరిబాబు డెక్కు మీద పందికొక్కు చూపిస్తానన్నాడు. కొబ్బరి దింపులకీ, రొయ్యపిల్లల వేటకీ పోయే పిల్లలందరూ పలకలు పట్టుకుని వచ్చేశారు.

"ఈ శనివారం ఇనస్పెక్టరు గారు వస్తన్నారు బావా" అన్నాడు సీమోను.

"ఇనస్పెక్టరే వస్తన్నాడా! కేసు అప్పుడే పైదాకా పోయిందన్నమాట!"

"పోలీసు కాదు బావా, స్కూళ్ళ ఇనస్పెక్టరు. కేశవరావు గారని. పిల్లలు లేని బడి ఎందుకని మన బడి ఎత్తేసి కాలవ అవతల దాంట్లో కలిపేద్దామని చూస్తన్నారు. పందికొక్కు లేదని తెలిస్తే శనివారం ఒక్కడూ రాడు. బడి పోద్ది. ఆ కాలవ దాటించి ఆడపిల్లల్ని ఎవరంపుతారు చెప్పు?"

సాలమోను రెండో చెంబు ముగించి లేచాడు. "ఇందులో బడి ఒక్కటే కాదు సీమోనూ, దేశ భద్రత ఉంది. పద."

సీమోను ఇంట్లో గోడబీరువా పై అరలో కేసెట్టు ఉండే చోటు ఖాళీగా ఉంది. పక్కనే నల్ల అట్ట బైబిలు ఉంది. సాలమోను భూతద్దంతో దాన్ని చాలాసేపు చూశాడు.

"దొంగ దీన్ని ముట్టుకోలేదు. దీన్ని బట్టి వాడికి దైవభీతి ఉంది. లేదా లేదు."

సీమోను తల్లి సువార్తమ్మ మజ్జిగ తెచ్చింది. సాలమోను కోటు చేతులు సర్దుకున్నాడు.

"అత్తా, చుట్టరికం పక్కన పెట్టి అడుగుతున్నాను. కేసెట్టు నువ్వు తీసేవా?"

"చీ! దయ్యపు బొమ్మలు నాకెందుకురా? రెండ్రోజుల్నించీ ఈడికి అన్నం సయించడం లేదని నేనూ వెతుకుతున్నాను. గుడిలో పాటల మిషన్లో పెడతారే, అరచేతంత, అదే కదా? బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూసేను."

"సాక్షి అమాయకురాలు" అని సాలమోను ప్రకటించాడు. సీమోను ఆ మాటల్ని విన్నాడు గానీ, బడి గురించిన దిగులులో అవి ఒక చెవిలోకి వచ్చి ఇంకో చెవిలోంచి వెళ్ళిపోయాయి.

బుధవారం ఇద్దరూ కాకా హోటలు దగ్గరికి వెళ్ళేసరికి లోపల తాతబ్బాయి గట్టిగా మాట్లాడుతున్నాడు.

"శనారం గండి పడ్డం ఖాయమండీ. ఊరు ఊరంతా కొట్టుకుపోద్ది. మనకి తెలిసిపోయింది కాబట్టి పర్లేదు గానీ, మొదటిసారి చూసినోడికి గుండాగిపోద్ది."

సాలమోను సీమోను మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "విన్నావా? ఏటిగట్టు తెంచే కుట్ర! కట్టలు ఎలా కడతారో, ఎక్కడ తెగుతాయో ఆ కేసెట్టులో ఉంది. అందుకే మాయం చేశారు. విదేశీ హస్తం!"

"బావా, ఆయన చెప్పేది బొమ్మల కథలో..."

"నువ్వు చదువుకున్నవాడివి. నీకు అర్థం కాదు" అని సాలమోను లోపలికి నడిచాడు.

తాతబ్బాయి పెద్ద రైతు. ఎంత పెద్ద రైతో అంత మర్యాదస్తుడు. కళ్ళద్దాలూ కోటూ చూసి లేచి నిలబడ్డాడు.

"తాతబ్బాయి గారూ, శనివారం గండి సంగతి మీకు ముందే తెలుసునన్నమాట."

"ఆయ్."

"కేసెట్టు ఎక్కడుందో కూడా తెలుసు."

"ఆయ్... చెప్పండి."

"అంటే తీసింది మీరే!"

"ఆయ్, కూచోండి ముందు, టీ చెబుతాను."

సాలమోను విజయగర్వంతో వెనక్కి తిరిగాడు. "నేరం ఒప్పుకున్నాడు."

"ఆయ్ అంటే ఒప్పుకోవడం కాదు బావా. వింటున్నానండీ అని. నువ్వూ రోజంతా అంటావు."

"నేను అంటే అది మర్యాద. నేరస్తుడు అంటే అది వాంగ్మూలం."

గురువారం సాయంత్రానికి వాంగ్మూలాలు పెరిగిపోయాయి. సూరిబాబు ఆయ్ అన్నాడు. కాలవ లాకు కాపలాదారు పోలిరాజు ఆయ్ అన్నాడు. పాస్టరు పేతురయ్య గారైతే ప్రశ్న పూర్తి కాకముందే ఆయ్ అని, ప్రార్థన చేద్దామా అని కళ్ళు మూసుకున్నారు. పోయింది ఒక్క కేసెట్టు. నేరం ఒప్పుకున్నవాళ్ళు పేటలో సగం మంది. ఈ ముఠా ఇంత పెద్దదని సాలమోను కూడా అనుకోలేదు.

ఈలోగా సంగతి పిల్లలకి పాకింది. గురువారం బడిలో వెనక రెండు వరసలు ఖాళీ. శుక్రవారం సీమోను హాజరు పిలుస్తుంటే పలికే గొంతుల కంటే బయట కాకుల గొంతులే ఎక్కువ వినిపించాయి. ఆ మధ్యాహ్నం అతను చాక్‌పీసు పట్టుకుని, బోర్డు మీద ఏం రాయాలో తోచక చాలాసేపు నిలబడ్డాడు.

శుక్రవారం సాయంత్రం సువార్తమ్మ ఇంట్లో కూడిక. బడి నిలబడాలని ఆవిడే పెట్టించిన ప్రార్థన. పేట వాళ్ళంతా చాపల మీద కూర్చున్నారు. సాలమోను కబురు పంపాడు కాబట్టి తాతబ్బాయి, పోలిరాజు, సూరిబాబు కూడా వచ్చి గోడవార బెంచీ మీద సర్దుకున్నారు. పాట అయిపోగానే సాలమోను కోటుతో సహా లేచాడు.

"దొంగ ఈ గదిలోనే ఉన్నాడు."

"ఆయ్" అన్నారు బెంచీ మీద వాళ్ళు.

"ఇక మాటలు అనవసరం. అందరూ బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యాలి."

పేతురయ్య గారు ఇబ్బందిగా కదిలారు. "ఒట్టు పెట్టుకోకూడదని ఆ పుస్తకంలోనే ఉంది సాలమోనూ."

"పరిశోధనకి మినహాయింపు ఉంది అయ్యగారూ. అత్తా, నీ బైబిలు ఇలా ఇయ్యి."

సువార్తమ్మకి చదవడం రాదు. బైబిలు అంటే ఆవిడకి చేత్తో పట్టుకునేది, కూడికలో ఒళ్ళో పెట్టుకునేది, పీడకలలు రాకుండా కొడుకు దిండు కింద పెట్టేది. ఎప్పుడూ తెల్లటి తువ్వాలు ముక్కలో చుట్టి ఉంచుతుంది. ఆ మూట తీసి మేనల్లుడి చేతిలో పెట్టింది.

పోలిరాజు చెయ్యి వేశాడు. "నేను కేసెట్టు ముట్టలేదండీ." సూరిబాబు వేశాడు. "కేసెట్టు నా కంటపడితే ఒట్టు." తాతబ్బాయి కండువా తీసి చంకలో పెట్టుకుని, మూటని కళ్ళకద్దుకుని మరీ వేశాడు. "మాది కాకపోయినా దేవుడి పుస్తకమే గదండీ. ఆ కేసెట్టు ఈ చేత్తో తాకితే చెయ్యి పడిపోద్ది." పేతురయ్య గారు వేయలేదు గానీ, తలవంచి ఆశీర్వదించారు. చివరికి సువార్తమ్మ కూడా తన మూట మీద తనే చెయ్యి వేసి, నాకేం తెలీదు తండ్రీ అంది.

సాలమోనుకి చెమట కారిపోతోంది. అందరూ నిర్దోషులు. మొన్న అందరూ దోషులు. డిప్లొమా పాఠాల్లో ఇలాంటి చోట ఏం చెయ్యాలో లేదు.

"న్యాయం నా దగ్గర్నించీ మొదలవ్వాలి. నేనూ ప్రమాణం చేస్తాను!" అని మూటని నెత్తిన పెట్టుకుని, ఆకాశం కేసి చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక హార్మోనియం ఉంది. సాలమోను దాని మీద కూలబడ్డాడు. హార్మోనియం ఒక్కసారిగా అన్ని స్వరాలూ పలికింది. మూట ఎగిరి నేల మీద పడింది. తువ్వాలు ముక్క విడిపోయింది. నల్లటి పుస్తకం నోరు తెరిచింది. లోపల కాగితాలు లేవు. రెండు తెల్ల చక్రాలు, గోధుమరంగు రిబ్బను ఉన్నాయి.

"అయ్యో, నా వాక్యం!" అని సువార్తమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అక్షరాలన్నీ ఏమైపోయాయిరా?"

"అమ్మా, ఇది కేసెట్టే" అన్నాడు సీమోను.

"ఇంత పెద్ద కేసెట్టా? మరి నా బైబిలు?"

"బీరువాలోనే ఉంది."

సువార్తమ్మ మెల్లిగా అంది: "ఆదివారం బీరువాలోంచి తీసి ఉతికిన తువ్వాల్లో చుట్టిన దగ్గర్నించీ చేతికి తేలిగ్గా ఉందిరా. నీ గురించి ప్రార్థన చేస్తన్నాను కదా, భారం తగ్గుతోంది కాబోలనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. సీమోను వంగి కేసెట్టు తీశాడు. దాన్ని తుడవబోయి, తుడవాల్సింది కేసెట్టు కాదు, తల్లి కళ్ళని తెలిసి, ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నాడు.

సాలమోను హార్మోనియం మీంచి లేచి కోటు దులుపుకున్నాడు. "అంతా నేను అనుకున్నట్టే జరిగింది. అందుకే అందరి చేతా దాని మీదే చెయ్యి వేయించాను. చెయ్యనివాళ్ళందరూ ఆయ్ అన్నారు. చేసిన మనిషి ఒక్కత్తే కాదంది. ఈ కోణం పోలీసులకి తట్టదు."

"ఆయ్" అన్నాడు తాతబ్బాయి మర్యాదగా.

శనివారం పొద్దున్న బడి తలుపు తియ్యకముందే వరండా నిండిపోయింది. కేశవరావు గారు సైకిలు దిగి, తలలు లెక్కపెట్టబోయి మధ్యలో విరమించుకున్నారు. ఎక్కాలు అడిగారు, చెప్పారు. పద్యం అడిగారు, చెప్పారు. ఏదో మతలబు ఉందని ఆయనకి అనుమానం వచ్చింది.

"ఇంతమంది ఎందుకొస్తన్నారు మాస్టారూ? నిజం చెప్పండి."

సీమోను నిజమే చెప్పాడు. కేశవరావు గారు మొహం గంటు పెట్టుకుని, అదేమిటో చూసి రిపోర్టు రాస్తానని ముందు వరసలో బల్ల మీద కూర్చున్నారు. తెర మీద గండి పడింది. ఆయన చేతిలో కలం ఆగిపోయింది. పందికొక్కు మట్టి మోసుకొచ్చింది. నీరు తోసేసింది. మళ్ళీ మోసుకొచ్చింది. ఆఖరి పుల్ల నోట కరుచుకుని అది ఏట్లో దూకగానే బొమ్మ పోయి, తెరంతా చుక్కలు వచ్చేశాయి.

"కరెంటు పోయిందా?" అని కేశవరావు గారు కంగారుగా లేచారు.

"లేదండీ. అక్కడితో ఆపేశారండీ అప్పట్లో. మిగతాది ఎవరికీ తెలీదు."

"మరి గండి పూడిందా లేదా?"

"పూడిందండీ!" అంది సగం తరగతి. "పూడలేదండీ, ఇంకో పందికొక్కు రావాలండీ!" అంది మిగతా సగం. ఒక పిల్ల లేచి, మట్టి ఒక్కటే ఆగదు సార్, ముందు వెదురు తడికె దింపాలి అని చెప్పింది. కేశవరావు గారు ఆ పిల్లని నల్లబోర్డు దగ్గరికి పిలిచి గీసి చూపించమన్నారు. గీసింది. ఆయన తప్పు పట్టారు. తరగతి ఆయన తప్పు పట్టింది. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది.

సైకిలు ఎక్కేముందు ఆయన విజిటర్ల పుస్తకంలో రాసిన మాటలు సీమోను తల్లికి పైకి చదివి వినిపించాడు: "ఈ పాఠశాల విషయమై ఇప్పుడే ఒక నిర్ణయానికి రాలేము. ఇంకా అనేక శనివారములు స్వయముగా వచ్చి పరిశీలించవలసి ఉన్నది."